పరిశుద్ధులు తుమ్మిన రోజు

ఆ శనివారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. సావిట్లో మిరపకాయల కుప్పకు ఇటువైపు నాయనమ్మ హెలెనమ్మ. అటువైపు పక్కింటి జోహరాబీ, ఆవిడ కూతురు సైమా. వంటింట్లో అమ్మ జాస్మిన్. గుమ్మంలో టార్పాలిన్ పట్టాలు మడతపెడుతూ నాన్న ప్రకాష్. ఇక వెనక గదిలో, గోడ సగం దాకా పోసిన పత్తిలో, మెడవరకూ కూరుకుపోయి స్తుతి.

స్తుతి ఇంట్లో ఉన్నట్టా లేనట్టా అంటే చెప్పడం కష్టం. కొత్తవాళ్ళు గుమ్మం ఎక్కితే చాలు, ఆ పిల్ల పత్తిగదిలోకి జారుకుంటుంది. వాళ్ళు వెళ్ళాక జుట్టు నిండా దూది పెట్టుకుని బయటికి వస్తుంది. ఎవరితోనూ అనలేని మాటలన్నీ సాయంత్రం డైరీలో రాసుకుంటుంది. ఆ డైరీ దగ్గర మాత్రం గడగడా మాట్లాడుతుంది. పర్చూరు రోడ్డు మీద ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆమె గురించి ఒక మాట ఉంది, "పేరు స్తుతి, నోటికి ఉపవాసం" అని.

ఆ రోజు వస్తున్నది కొత్తవాళ్ళు కూడా కాదు. చర్చి పాస్టరు దయానిధిగారు. ఊరంతా అయ్యగారు అని పిలిచే మనిషి. ఆయన మోటారుసైకిలు చప్పుడు వీధి మొదట్లో వినబడగానే స్తుతి చేతిలో కాయలు వదిలేసి మాయమైంది.

మామూలుగా అయితే మిరపకాయలు కల్లంలో ఉండాలి. నిన్న సాయంత్రం పడమట మబ్బు కమ్మేసరికి నాన్న గుండె జారి, ఎండిన కాయంతా ట్రాక్టరులో తెచ్చి సావిట్లో పోయించాడు. ఒక్క చినుకు రాలలేదు. మంచం వేసుకునే చోటు మాత్రం పోయింది. సరుకు గుంటూరు యార్డుకు వెళ్ళేలోగా తాలు ఏరాలి. రంగుపోయి తెల్లబడ్డ కాయని తాలంటారు. ఎర్రకాయలో అది నాలుగుచోట్ల కనబడిందంటే వ్యాపారి చెయ్యి పెట్టి చూడకుండానే ముందుకు నడిచిపోతాడు. అందుకని జోహరాబీ సాయానికి వచ్చింది. ఆవిడ భర్త బుడే పరుపులు కుడతాడు. వాళ్ళింట్లో దూది పని ఎక్కువైతే హెలెనమ్మ వెళ్ళి కూర్చుంటుంది, వీళ్ళ కాయ ఏరాల్సి వస్తే జోహరాబీ వచ్చి కూర్చుంటుంది. స్తుతి పుట్టకముందు నుంచీ అంతే.

"వందనాలండీ," అంటూ అయ్యగారు గుమ్మంలో కాలు పెట్టారు. రెండో కాలు పెట్టేలోపే తుమ్మారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తుమ్మారు.

"లోపలికి రండి అయ్యగారూ, అలవాటైపోద్ది," అన్నాడు నాన్న, కుర్చీని కుప్పకు వీలైనంత దూరంగా జరుపుతూ.

"స్తుతి ఏదీ?"

సైమా గడ్డం ఎత్తి వెనక గది వైపు చూపించింది.

పత్తిలో ఉన్న స్తుతికి అంతా వినబడుతూనే ఉంది. ఆయన ఎందుకొచ్చారో కూడా తెలుసు.

సంగతి పోయినేడాది మట్టల ఆదివారం నాటిది. ఆ రోజు కన్ఫర్మేషన్ తీసుకునే పిల్లలు సంఘం ముందు ఒక్కొక్కరే నిలబడి తాము నమ్మేదంతా వరసగా చెప్పే విశ్వాస ప్రమాణం అప్పజెప్పాలి. చెప్పినవాళ్ళు మరుసటి ఆదివారం, ఈస్టరు నాడు, పెద్దవాళ్ళతో పాటు మొదటిసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు సంస్కారానికి మోకరిస్తారు. స్తుతి కొత్త తెల్ల పరికిణీ కట్టుకుని వరసలో నిలబడింది. చేతులు జోడించుకోవాలని సంఘ పెద్ద వచ్చి పిల్లల దగ్గరున్న తాటిమట్టలన్నీ తీసేసుకున్నాడు. ఆమె వంతు వచ్చింది. నోరు తెరిచింది. మాట రాలేదు. నిద్రలో లేపినా చెప్పగలిగిన మాటలు, రోజూ నాయనమ్మతో కలిసి చెప్పే మాటలు, ఒక్కటీ రాలేదు. పక్క తలుపులోంచి బయటపడి, పరుగున ఇంటికొచ్చి, పత్తిలో దూరింది.

నాయనమ్మ ఏమీ అనలేదు. ఈస్టరు నాడు మాత్రం సంస్కారానికి వెళ్ళినప్పుడు, తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి మోకరించింది. వెనకాలున్నవాళ్ళు ముందుకు జరగమన్నా జరగలేదు. ఆ చోటు సంగతి స్తుతికి ఎవరూ చెప్పలేదు. పిల్లల బల్లమీద కూర్చుని తనే చూసింది.

రేపు మళ్ళీ మట్టల ఆదివారం. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. జూన్‌లో గుంటూరు బ్రాడీపేటలో కాలేజీ, హాస్టలు. వచ్చే ఏడు మట్టల ఆదివారం నాటికి ఈ ఊళ్ళో ఉంటుందో లేదో తెలియదు. అమ్మ ఆ తెల్ల పరికిణీ అంచు మడత విప్పి పొడుగు చేసింది. "ఇంక విప్పడానికి మడత లేదే. ఈ ఏడే," అంది. నాయనమ్మ అదీ అనలేదు. అందువల్లే స్తుతికి మరీ బరువుగా ఉంది.

దానికి తోడు ఈ కొత్త అయ్యగారు వచ్చి పెట్టిన మెలిక ఒకటి. "అప్పజెప్పడం చిలక కూడా చేస్తుంది. విశ్వాస ప్రమాణంలో మీకు నచ్చిన ఒక్క మాట తీసుకుని, అర్థం మీ మాటల్లో చెప్పండి," అన్నారు. ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమకాలమంతా క్లాసులు పెట్టారు. స్తుతి ఒక్కటీ మానలేదు, ఒక్కసారీ నోరు విప్పలేదు. చివరికి ఆయన, "శనివారం మీ ఇంటికే వస్తానమ్మా. నీవాళ్ళ మధ్య చెప్దువుగాని. అక్కడా రాకపోతే బలవంతం చెయ్యను, గుంటూరులో ఎప్పుడో తీసుకుందువు," అన్నారు. ఆయన మంచిగానే అన్నారు. స్తుతికి మాత్రం నాయనమ్మ పక్కన ఖాళీచోటు మళ్ళీ కళ్ళముందు కనబడింది.

"రామ్మా బయటికి," నాయనమ్మ గొంతు వినిపించింది. "అయ్యగారు నిన్ను కొరుక్కుతింటారా ఏంది!"

స్తుతి వచ్చింది. నెత్తిమీద దూది, మొహం మీద దూది. గోడకు ఆనుకుని నిలబడి చేతులు జోడించింది.

"భయం లేదు. మొదలుపెట్టు," అన్నారు అయ్యగారు.

స్తుతి పెదవులు కదిలాయి. మొదటి మాట నాలిక చివర దాకా వచ్చి, అక్కడ చెప్పులు విప్పి కూర్చుంది. ఎంత లాగినా లేవదే! నాన్న మడతపెట్టిన పట్టానే మళ్ళీ విప్పి మడతపెట్టాడు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, తనే చెప్పేయబోయినట్టు నోరు తెరిచి మూసుకుంది. స్తుతి ఒక్కసారి నాయనమ్మ వైపు చూసి, గిర్రున తిరిగి మళ్ళీ పత్తిగదిలోకి వెళ్ళిపోయింది.

"సిగ్గండీ," అంది నాయనమ్మ, నేరం తనదైనట్టు.

"సిగ్గు తప్పు కాదమ్మా. కానీ విశ్వాసమన్నాక నలుగురిలో నోరు విప్పి ఒప్పుకోవాలి గదా. నేను చేసేదేముంది?" అయ్యగారు నిట్టూర్చబోయి తుమ్మారు.

అమ్మ టీ తెచ్చింది. ఆయన వెంటనే లేచి వెళ్ళలేక, మాట మార్చడానికన్నట్టు, "పోనీ మీరు చెప్పండి హెలెనమ్మగారూ. విశ్వాస ప్రమాణంలో, యేసుని సిలువకి అప్పగించిన పొంతి పిలాతు పేరెందుకుంది?" అని అడిగారు.

"తర్వాత మారి ఉంటాడండీ పాపం," అంది నాయనమ్మ, కాయలు ఏరుతూనే. "చేతులు కడుక్కున్నాడని చదివాం గదా. ఆ తర్వాత ఏడ్చి ఉంటాడు. మారకపోతే మరియమ్మ పేరు పక్కన ఆయన పేరు పెడతారా? నేను ఆయన కోసం కూడా ప్రార్థన చేస్తుంటా."

నాన్నకు టీ ముక్కులోకి పోయింది.

"ఎప్పటి నుంచమ్మా?" అన్నాడు, దగ్గు మధ్యలో.

"కాపురానికొచ్చినప్పటి నుంచి. నవ్వుతావేందిరా? నీకు తెలిస్తే నువ్వు చెప్పు."

నాన్న పట్టా మళ్ళీ విప్పాడు.

అయ్యగారు నవ్వాపుకుని వివరించారు. "అది కాలం చెప్పడానికమ్మా. ఇది కట్టుకథ కాదు, ఫలానా అధికారి ఉన్న రోజుల్లో, ఫలానా చోట నిజంగా జరిగింది అని సాక్ష్యం."

"మనం తుఫాను ఏడు పుట్టాడు, వరద ఏడు పెళ్ళయింది అనుకోమూ, అట్టాగన్నమాట," అంది జోహరాబీ.

"అచ్చం అంతే!"

"అయితే పిలాతు తుఫాను లాంటోడు," అంది నాయనమ్మ ఆలోచిస్తూ. కాసేపటికి తలెత్తింది. "మరి ఇన్నేళ్ళూ ఆయనకి చేసిన ప్రార్థన?"

"ప్రార్థన ఎక్కడికీ పోదులెండి. ఎవరికి అవసరమో వాళ్ళకి చేరుతుంది."

"ఇంకేం, మానను మరి."

జోహరాబీ నవ్వింది. "అత్తా, నువ్వు పిలాతు దగ్గరికొచ్చేసరికి గొంతు మెత్తగా చేస్తావు, ఎందుకా అనుకునేదాన్ని."

అయ్యగారు ఆశ్చర్యంగా చూశారు. "మీకూ వచ్చా విశ్వాస ప్రమాణం?"

"అత్త కాయలు ఏరినంతసేపూ అదే చెప్తదండీ. ఆమె మాట తప్పితే ఎక్కడ తప్పిందో నాకు తెలుస్తది. చెవిలో పడింది, చెవిలోనే ఉంచుకున్నా. నోటికి మా కలిమా ఉంది గదా."

పత్తిలో ఉన్న స్తుతికి కూడా నవ్వొచ్చింది. దూది నోట్లోకి పోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే నాన్న ఫోను మోగింది. యార్డుకు సరుకు తోలే బండివాడు. సోమవారం వీలుకాదు, ఈ సాయంత్రమే వస్తానన్నాడు. "ఈ సాయంత్రమా! ఇంకా సగం కుప్ప ఉందిరా అయ్యా!" అన్నాడు నాన్న. అవతల ఫోను పెట్టేశాడు.

ఇక ఇంట్లో సిగ్గుకీ మర్యాదకీ తీరిక లేకపోయింది. అమ్మ పొయ్యి మీద కూర దించేసి వచ్చింది. "ఏయ్ స్తుతీ! పాఠాలు తర్వాత, ముందు రా! చెయ్యి సాయం కావాలి!" అని నాయనమ్మ కేక పెట్టింది. అది సంతకు వినబడే కేక. స్తుతి పరుగున వచ్చి, అయ్యగారికి వీపు పెట్టి కుప్ప ముందు కూర్చుంది. చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. ఎర్రకాయ ఎడమకు, తాలుకాయ కుడికి.

చూస్తూ కూర్చోలేక అయ్యగారు కూడా చొక్కా చేతులు మడుచుకుని కిందకు దిగారు. "మా నాన్న పొగాకు పండించేవాడు. మిరప మాకు తెలియదు. చూపించండి," అంటూ స్తుతి పక్కనే చోటు చూసుకున్నారు. హుషారుగా ఏరసాగారు. ఒకటి తీశారు, తెల్లగా ఉందని తాలులో పడేశారు. ఇంకొకటి తీశారు, పడేశారు.

స్తుతి చెయ్యి చటుక్కున వెళ్ళి ఆ రెండో కాయని వెనక్కి తీసుకుంది. బొటనవేలితో రుద్దింది. దుమ్ము పోయి కాయ నెత్తురంత ఎర్రగా మెరిసింది. ఎర్రకుప్పలో వేసింది.

"తాలు కాదండి అది," అంది. "రుద్ది చూడాలి."

సైమా ఏరడం ఆపేసింది. అమ్మ సైమాను మోచేత్తో పొడిచి, 'గమ్మునుండు' అన్నట్టు కళ్ళతోనే చెప్పింది.

అయ్యగారు తెలివైనవారు. తలెత్తలేదు. కాయల వైపే చూస్తూ, "ఓహో," అని మాత్రం అన్నారు.

నాయనమ్మ అలవాటు ప్రకారం విశ్వాస ప్రమాణం అందుకుంది. ఒక్కో మాటకి ఒక్కో కాయ. అది ఆమె అత్తగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఆమె అలా ఏరుతూ చెబుతుంటే స్తుతి అలా ఏరుతూ నేర్చుకుంది. సర్వశక్తిగల తండ్రి దగ్గర ఒక కాయ, కన్య మరియ దగ్గర ఒక కాయ, పిలాతు దగ్గర కొంచెం మెత్తగా ఒక కాయ. రెండో మాటకల్లా స్తుతి గొంతు నాయనమ్మ గొంతులో కలిసింది. నాలుగో మాటకల్లా నాయనమ్మ మెల్లగా తన గొంతు తగ్గించేసింది. స్తుతి గమనించలేదు. ఒక్కతే చెప్పుకుపోతోంది, వానాకాలం కాలువలా. సజీవులకును మృతులకును తీర్పు తీర్చే మాట దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఒక తాలుకాయని కుడివైపు వేసింది.

"ఆ మాట దగ్గర తాలే ఎందుకు వేశావమ్మా?" అయ్యగారు అడిగారు, ధర అడిగినంత మామూలుగా.

"తీర్పంటే ఏరడమే గదండీ," అంది స్తుతి, చెయ్యి ఆపకుండా.

"అంటే దేవుడు కూర్చుని మంచివాళ్ళని ఇటు, చెడ్డవాళ్ళని అటు వేస్తాడన్నమాట."

"వేస్తాడు గానీ, మీరు వేసినట్టు వెయ్యడు."

అమ్మ ఊపిరి బిగపట్టింది. అయ్యగారు మాత్రం, "నేనెట్టా వేశాను?" అన్నారు.

"పైకి చూసి వేశారు. దుమ్ముపట్టిందాన్ని తాలంటే ఎట్టాగండీ? నాయనమ్మ ప్రతి కాయనీ రుద్దుతుంది, వెనక్కి తిప్పుతుంది. అందుకే ఆమెకి అందరికంటే ఆలస్యం. దేవుడికి అంత తొందరేముంది? ఆయన ఇంకా బాగా రుద్ది చూస్తాడు."

"సరే, రుద్ది చూశాడు. అయినా తాలే. అప్పుడేం చేస్తాడు? తగలబెడతాడా?"

కుప్ప చుట్టూ ఉన్న చేతులన్నీ ఒక్కసారి ఆగాయి.

"తగలబెట్టడమా!" అంది జోహరాబీ.

"మిరపకాయనా!" అంది అమ్మ.

"ఒకసారి పోలేరయ్య కొడుకు తగలబెట్టాడండీ, తెలియక," అన్నాడు నాన్న. "ఊరంతా పొలాలకి పరిగెత్తాం. గేదెలు కూడా తుమ్మినై."

స్తుతి నవ్వింది. పరాయి మనిషి ముందు ఆమె నవ్వగా చూడటం సైమాకు అదే మొదలు. "తాలు తగలబెడితే ముందు తగలబెట్టినోడే దగ్గి చస్తాడండీ," అంది. "దేవుడికి ఆ మాత్రం తెలీదా? తాలుకీ వేరే టిక్కీ బస్తా ఉంది. దాన్నీ కుట్టి బండెక్కిస్తాం. దానికీ కొనేవాడుంటాడు."

అయ్యగారు చేతిలో ఉన్న కాయని జాగ్రత్తగా రుద్ది, తిప్పి చూసి, ఎటు వెయ్యాలో తెలియక స్తుతి ముందు పెట్టారు. "నరకం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ సంగతి లేదు," అన్నారు. "వాళ్ళెవరూ మిరప పండించలేదనుకుంటా. అన్నిటికీ ఒప్పుకోను గానీ, ఈ మాట నా ప్రసంగంలో వాడుకోవచ్చా?"

స్తుతి తల ఊపింది.

"ఇంకొక్కటి. ప్రమాణం చివర్లో పరిశుద్ధుల సహవాసం అని ఉంది, అంటే?"

ఆ మాట స్తుతికి ఎప్పుడూ అర్థం కాలేదు. పరిశుద్ధులంటే చర్చి గోడమీద రంగుబొమ్మల్లో, తలచుట్టూ పళ్ళెం అంత వెలుగుతో, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడే మనుషులనుకునేది. వాళ్ళ సహవాసం ఎలా ఉంటుందో ఊహకు అందేది కాదు. కాయలు ఏరుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే నాన్న, బండి వచ్చేలోగా తెమలాలని, మూలనున్న అడుగు కుప్పని పారతో ఒక్కసారి తిరగేశాడు. ఎర్రటి దుమ్ము లేచింది.

మొదట అయ్యగారు. ఆయన వెనకే జోహరాబీ. సైమా పైట అడ్డం పెట్టుకుంటూ. అమ్మ వరసగా. నాన్న పారతో సహా. నాయనమ్మ సన్నగా, పిల్లిలా. అందరూ అయిపోయారు అనుకున్నాక, స్తుతి మొహం పైకెత్తింది. ఒక పెద్ద ఊపిరి లోపలికి పోయింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఇల్లదిరిపోయేలా తుమ్మింది. అరుగు మీది కోడి అరుస్తూ ఎగిరి వీధిలో పడింది.

"వచ్చాడమ్మా మా ఆయన!" నాయనమ్మ పగలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు, ఘాటువో నవ్వువో తెలియదు. "అయ్యగారూ, ఇది వాళ్ళ తాత తుమ్ము. అచ్చం అంతే. ముందు నిశ్శబ్దం, తర్వాత బాంబు. ఆయన కల్లంలో తుమ్మితే పక్క పొలంలో కొంగలు లేచేవి."

స్తుతి ముక్కు తుడుచుకుంది. ఏదో ఇప్పుడే చేతికి తగిలినట్టు ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇదేనండీ," అంది.

"ఏది?"

"సహవాసం." ఒక కాయ తీసింది, వేసింది, ఇంకొకటి తీసింది. "కుప్ప నాన్న కదిలించాడు. ఘాటు అందరికీ తగిలింది. నువ్వెవరు, నీకెందుకు తగలాలి అని అడగదు. ఒక్కళ్ళకి తగిలి పక్కనోళ్ళకి తగలకపోవడం ఉండదు. మా తాతయ్యని నేను చూళ్ళేదండీ. నేను పుట్టకముందే పోయాడు. ఆయన తుమ్ము నాకొచ్చింది. నాకొచ్చినప్పుడల్లా నాయనమ్మకి ఆయన వచ్చినట్టుంటుంది. మరి పోయినోళ్ళు కూడా మనతో ఉన్నట్టే గదా. అందరం ఒకే కుప్ప చుట్టూ."

స్తుతి జన్మలో పరాయి మనిషి ముందు ఇన్ని మాటలు వరసగా అనలేదు.

"అంటే పరిశుద్ధులు తుమ్ముతారంటావు," అన్నారు అయ్యగారు.

"ఘాటుకి ఎవరైనా తుమ్ముతారు సార్," అంది సైమా.

"మమ్మల్ని కూడా కలిపేశావా స్తుతీ?" జోహరాబీ నవ్వుతూ అడిగింది.

"నువ్వూ తుమ్మావుగా పిన్నీ."

అయ్యగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకున్నారు. "పెద్దల కమిటీలో ఎవరైనా ఈ చివరి మాట మీద నన్ను నిలదీస్తే వాళ్ళని ఇక్కడికే తీసుకొచ్చి, ఈ కుప్ప పక్కన కూర్చోబెడతాను," అన్నారు. "అమ్మా స్తుతీ, నీ పరీక్ష అయిపోయింది. రేపు సంఘం ముందు ఇదే చెప్పు. ఈ మాటే, ఇట్టాగే."

అప్పుడు తెలిసొచ్చింది స్తుతికి, తను ఎవరితో మాట్లాడుతోందో. చేతిలో కాయలు జారిపోయాయి. లేచి నిలబడింది. 'అలాగేనండీ' అనబోయింది. అదీ రాలేదు. నోరు తెరుచుకునే ఉంది, మాట మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చుంది. అంతా మొదటికే వచ్చింది.

నాయనమ్మ మొహం వాడిపోవడం స్తుతి చూసింది. పోయినేడాది ఈస్టరు నాటి మొహం అది.

"ఏయ్ స్తుతీ, ఆగు!" సైమా కుప్ప మీద నుంచి ఒక్క దూకు దూకి, గుప్పెడు మిరపకాయలు తీసి స్తుతి చేతుల్లో కుక్కింది. "ఏరు!"

"ఎట్టా ఏరాలే, నిలబడి?"

స్తుతి ఆ మాట అన్నాక గానీ ఎవరికీ అర్థం కాలేదు. మాట వచ్చింది!

"చూశారా! దీనికి చేతులు ఖాళీగా ఉంటే మాట రాదు," అంది సైమా, తీర్పు చెప్పేసినట్టు. "బళ్ళో కూడా అంతే సార్. పెన్ను తిప్పుకుంటూ నా ఒక్కదాని చెవిలో గంటలు గంటలు చెప్తది. టీచరు చేతులు కట్టుకోమంటే మూగదైపోద్ది."

"పోయినేడు నోరెట్టా పడిపోయిందా అని ఏడాదంతా నేను ప్రార్థన చేస్తుంటే," నాయనమ్మ అంది, "మట్ట లాక్కున్నారంట! అదీ సంగతి!"

"రేపు ఎవరూ లాక్కోరు," అన్నారు అయ్యగారు. "మట్టల ఆదివారం నాడు చేతిలో మట్ట ఉంటే తప్పని ఎక్కడా రాసి లేదు. దాన్ని చీల్చుకుంటావో, సిలువలు అల్లుకుంటావో నీ ఇష్టం. చేతులు జోడించడం నాయనమ్మ జోడిస్తుంది నీ బదులు. నువ్వు మాట్లాడు."

సాయంత్రం బండి వచ్చేసరికి టిక్కీలన్నీ కుట్టి ఉన్నాయి. ఎర్రవి ఒకవైపు, తాలువి ఒకవైపు, ఒకే బండిలో. అయ్యగారు ఇంటికెళ్ళి ఆ చేతులతోనే కళ్ళు నులుముకున్నారనీ, ఆ రాత్రి ప్రసంగం తడిగుడ్డ మొహాన వేసుకుని రాశారనీ తర్వాత తెలిసింది.

ఆదివారం పొద్దున్న నాన్న తాటిమట్టలు కొట్టుకొచ్చాడు. స్తుతి తెల్ల పరికిణీలో అరుగు మీద నిలబడి, మట్టలోంచి సన్నటి ఆకు చీల్చి, మడిచి, దూర్చి, ఒక చిన్న సిలువ అల్లింది. ఇంకొకటి మొదలుపెట్టింది. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. పరికిణీ అంచు సరిగ్గా పాదాల దాకా వచ్చింది. చర్చి గంట మోగింది. అమ్మా నాన్నా వీధి మలుపు దాకా వెళ్ళిపోయారు. సైమా వాళ్ళ గుమ్మంలో నిలబడి, మట్ట పట్టుకున్నట్టు రెండు చేతులూ గాలిలో ఊపి చూపించింది.

గంట రెండోసారి మోగేసరికి స్తుతి గుండె ధైర్యం మడమల్లోకి జారింది. తలుపు ఇంకా తీసే ఉంది. లోపల, ఆ చివర, పత్తిగది తెల్లగా, మెత్తగా, చల్లగా కనబడుతోంది.

"నాయనమ్మా, మంచినీళ్ళు తాగొస్తా," అంది, గడప వైపు ఒక అడుగు వేసి.

నాయనమ్మ తన తెల్ల చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గడప దాటి బయటికొచ్చింది. మనవరాలి మొహం చూసింది, ఆమె చూపు పోతున్న చోటూ చూసింది.

సావిట్లో నిన్నటి దుమ్ము ఇంకా పోలేదు. తలుపులోంచి వచ్చిన గాలికి అది కొంచెం లేచింది. స్తుతి మొహం పైకెత్తింది. ముందు నిశ్శబ్దం. తర్వాత బాంబు. పక్కింట్లోంచి బుడే, కనబడకుండానే, "చిరంజీవ!" అని కేకేసి, తనూ తుమ్మాడు.

"ఇదిగో, మీ తాత కూడా బయల్దేరాడు," అంది నాయనమ్మ. "ఇంక లోపల ఎవరూ లేరు."

అని, స్తుతి మొహం మీదే తలుపు దగ్గరగా లాగి గొళ్ళెం పెట్టేసింది.